గినీ పిగ్‌కు అండాశయ సిస్టుల ఆపరేషన్: ముందు చేయవలసినవి, తర్వాత చూసుకోవలసినవి

ఏడాదిన్నర, రెండేళ్ళు దాటిన ఆడ గినీ పిగ్‌ల అండాశయాల్లో సిస్టులు, అంటే ద్రవంతో నిండిన తిత్తులు, ఏర్పడడం చాలా తరచుగా కనిపించే సమస్య. వయసు పెరిగేకొద్దీ అవి పెద్దవవుతూ పోతాయి. చాలా గినీ పిగ్‌లలో ఏ బాధా పెట్టకుండా ఉండిపోతాయి గనుక అవి ఉన్నట్టే పెంచేవారికి తెలియదు. కొన్నింటిలో మాత్రం తిత్తి పొట్టలోని చోటంతా ఆక్రమించి, కడుపునూ పేగులనూ నొక్కి, తిండి తగ్గించి, నొప్పి పెట్టి, చివరకు ఆపరేషన్ దాకా తీసుకువస్తుంది. ఆపరేషన్ చేసేది పశువైద్యుడే అయినా, ఆ తర్వాతి నాలుగైదు రోజులు ఆ ప్రాణి క్షేమం చాలావరకు ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. గినీ పిగ్ పేగులు పగలూ రాత్రీ కదులుతూనే ఉండాలి. తినడం మానితే ఆ కదలిక మందగిస్తుంది, కదలిక మందగిస్తే గ్యాస్ చేరి నొప్పి పుడుతుంది, నొప్పి పుడితే అది అసలే తినదు. కుట్లు చక్కగా మానుతున్నా ఈ వలయంలో చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే ఈ వ్యాసంలో గాయం సంగతి కంటే తిండి, బరువు, నొప్పి మందుల సంగతే ఎక్కువగా చెబుతున్నాను.

లక్షణాలు ఎలా కనిపిస్తాయి

సిస్టులలో ముఖ్యంగా రెండు రకాలు ఉంటాయి. ఎక్కువగా కనిపించేవి సీరస్ సిస్టులు. వీటిలో నీరులాంటి పలుచని ద్రవం ఉంటుంది, ఇవి హార్మోన్లను విడుదల చేయవు, ఇవి పెట్టే ఇబ్బంది అంతా వాటి పరిమాణం వల్లనే. రెండవవి ఫాలిక్యులర్ సిస్టులు. ఇవి హార్మోన్లను విడుదల చేస్తాయి కాబట్టి వీటి ప్రభావం బొచ్చు మీద, చనుమొనల మీద, ప్రవర్తన మీద కనిపిస్తుంది. ఒకే అండాశయంలో రెండు రకాలూ కలిసి ఉండవచ్చు, రెండు అండాశయాల్లోనూ ఒకేసారి రావచ్చు.

చాలామంది మొదట గమనించేది రెండు డొక్కల మీదా ఒకే తీరుగా బొచ్చు పలచబడడం. అక్కడ చర్మం ఎర్రబడదు, పొలుసులు రాలవు, గినీ పిగ్ గోక్కోదు. చర్మంలో చేరే పురుగుల వల్ల బొచ్చు రాలితే దురద భరించలేనంతగా ఉంటుంది, ఫంగస్ వల్ల రాలితే ఎక్కువగా ముఖం, చెవుల దగ్గర పొలుసులతో మచ్చలు మొదలవుతాయి. దురద లేకుండా రెండు వైపులా సమానంగా బొచ్చు పోతున్న ఆడ గినీ పిగ్ విషయంలో సిస్టులనే ముందుగా అనుమానించాలి. దానితో పాటు చనుమొనలు ఉబ్బి, వాటి చుట్టూ గోధుమరంగు పెచ్చు కట్టడం కూడా చూస్తాం. ఎదకు వచ్చినప్పుడు తోటివాటి మీదికి ఎక్కడం, గుర్రుమంటూ నడుము ఊపుతూ తిరగడం మామూలే. అయితే ఆ ఎద 15 నుంచి 17 రోజులకొకసారి వచ్చి కొద్ది సమయంలోనే సర్దుకుంటుంది. రోజుల తరబడి అదే ధోరణి, దానికి తోడు ముట్టుకుంటే విసుగు, కసురుకోవడం కనిపిస్తే మామూలు ఎద అని వదిలేయకూడదు.

హార్మోన్లు విడుదల చేయని సీరస్ సిస్టులలో ఈ బాహ్య లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. పొట్ట పక్కలకు ఉబ్బి, వెనుక భాగం బరువెక్కినట్టు కనిపించడం, తిండి కొద్దికొద్దిగా తగ్గడం, ఒక మూల ముడుచుకుని కూర్చోవడం, ఎత్తుకునేటప్పుడు కీచుమనడం మాత్రమే ఆధారం. ఇక్కడ బరువు చూసి మోసపోయే అవకాశం ఉంది. తిత్తిలోని ద్రవం బరువు కూడా త్రాసు మీద కలుస్తుంది కాబట్టి, గినీ పిగ్ లోలోపల చిక్కిపోతున్నా మొత్తం బరువు తగ్గినట్టు కనిపించదు. వారానికొకసారి బరువు చూసేటప్పుడే వెన్నెముక మీద, భుజాల మీద వేళ్ళు ఆనించి చూడాలి. పొట్ట గుండ్రంగా ఉండి వెన్నెముక మాత్రం గరుకుగా, ఎముకలు లెక్కపెట్టేటట్టు తగులుతుంటే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళే సమయం వచ్చినట్టే. పొట్టను మాత్రం ఇంట్లో గట్టిగా నొక్కి చూడకూడదు, ఎందుకంటే పెద్ద సిస్టు ఒత్తిడికి పగిలిపోవచ్చు.

వైద్యుడు చేతితో పరీక్షించి అనుమానం కలిగితే అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తారు. సిస్టులను నిర్ధారించడానికి ఇదే సరైన పరీక్ష. గర్భాశయం గోడలు మందమెక్కడం, అందులో గడ్డలు, చీము వంటివి కూడా సిస్టులతో పాటు తరచుగా ఉంటాయి కాబట్టి గర్భాశయాన్ని కూడా అప్పుడే చూడమని అడగాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే అది గర్భాశయం నుంచి రావచ్చు, మూత్రాశయంలో రాళ్ళ వల్ల కూడా రావచ్చు. రెండవ దాన్ని తేల్చడానికి ఎక్స్‌రే అవసరం. మగ గినీ పిగ్‌తో కలిసి ఉన్నదైతే పొట్ట పెరగడానికి గర్భం కూడా కారణం కావచ్చునన్నది మరువకూడదు.

ఆపరేషన్ ఎప్పుడు, ఇతర మార్గాలు ఎప్పుడు

స్కానులో కనిపించిన ప్రతి సిస్టుకూ ఆపరేషన్ అక్కరలేదు. చిన్న సిస్టు ఉండి, గినీ పిగ్ హుషారుగా తింటూ తిరుగుతూ ఉంటే, కొన్ని నెలలకొకసారి స్కాన్ చేయించి పరిమాణం పెరుగుతున్నదా లేదా అని చూస్తూ ఉండడం సబబే. సిస్టు త్వరగా పెరుగుతున్నా, తిండి తగ్గినా, రక్తస్రావం కనిపించినా, స్కానులో గర్భాశయం కూడా దెబ్బతిన్నట్టు తెలిసినా ఎదురుచూడడం మంచిది కాదు.

మత్తు తట్టుకోలేని స్థితిలో ఉన్నవాటికి రెండు ఇతర మార్గాలు ఉన్నాయి. మొదటిది హార్మోన్ ఇంజెక్షన్లు. ఇవి ఫాలిక్యులర్ సిస్టుల మీదనే ప్రభావం చూపుతాయి, సీరస్ సిస్టుల మీద పనిచేయవు. కాబట్టి ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఏ రకం సిస్టు అని వైద్యుడు భావిస్తున్నారో అడగడం మన బాధ్యత. రెండవది స్కాన్ చూస్తూ సూదితో ద్రవం తీసేయడం. దీనితో ఒత్తిడి వెంటనే తగ్గి గినీ పిగ్‌కు ఊరట కలుగుతుంది గానీ, తిత్తి గోడ అక్కడే ఉంటుంది కాబట్టి ద్రవం మళ్ళీ చేరుతుంది. వయసు మీరిన దానికి మిగిలిన కాలం సుఖంగా గడవడానికో, బాగా నీరసించిన దాన్ని ఆపరేషన్‌కు ముందు కాస్త తేరుకోనివ్వడానికో ఈ పద్ధతి మంచిదే. శాశ్వత పరిష్కారం మాత్రం అండాశయాలను, అవసరమైతే గర్భాశయాన్ని కూడా, తొలగించడమే.

మత్తు వల్ల ప్రమాదం ఎంత అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు అనేక పశువైద్యశాలల వివరాలు సేకరించి 2008లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, మత్తు ఇచ్చినప్పుడు లేదా ఆ తర్వాత 48 గంటల లోపు మత్తు సంబంధమైన కారణాలతో చనిపోయినవి కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం, కుందేళ్ళలో 1.39 శాతం ఉండగా, గినీ పిగ్‌లలో 3.8 శాతం ఉన్నాయి. అన్ని రకాల ఆపరేషన్లకు, అన్ని వయసుల వాటికి కలిపి వేసిన లెక్క ఇది. దీన్ని చూసి వెనకడుగు వేయాలని నేను అనను. నొప్పితో, తిండి లేకుండా క్షీణించే వరకు ఆగి చేయించే ఆపరేషన్ కంటే, ఇంకా బలంగా ఉన్నప్పుడు చేయించే ఆపరేషన్ ఎంతో క్షేమం. అయితే కుక్కలకూ పిల్లులకూ రోజూ ఆపరేషన్లు చేసే వైద్యుడు గినీ పిగ్‌కు కూడా చేయగలరని అనుకోకూడదన్నది ఈ అంకెలు చెప్పే మాట.

అందువల్ల వైద్యుని ఎంపికలో మొహమాటం పనికిరాదు. గినీ పిగ్‌లకు ఈ ఆపరేషన్ ఇంతకు ముందు చేశారా, మత్తులో ఉన్నంతసేపూ శరీర ఉష్ణోగ్రతను, శ్వాసను ఎవరు గమనిస్తూ ఉంటారు, నొప్పి మందు ఆపరేషన్‌కు ముందే ఇస్తారా, అది తినడం మొదలుపెట్టిన తర్వాతే ఇంటికి పంపుతారా అని మర్యాదగా, స్పష్టంగా అడగాలి. ఎన్ని గంటలు పస్తు ఉంచాలని అడిగినప్పుడు వచ్చే జవాబు ఆ వైద్యునికి ఈ జంతువు గురించి ఎంత తెలుసో చెప్పేస్తుంది. కుక్కలకు చెప్పినట్టు రాత్రంతా ఏమీ పెట్టవద్దని అంటే మరో వైద్యుణ్ణి చూసుకోవడం మేలు. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ భయంతో పస్తు ఉంచవలసిన అవసరం లేదు, పస్తు వల్ల పేగులకు కీడే జరుగుతుంది. నోటిలో నమిలిన మేత మిగిలి ఉండి మత్తులో గొంతుకు అడ్డం పడకుండా, చివరి కొద్ది సమయం మాత్రం మేత తీసేసి, నోరు శుభ్రం చేసి మత్తు ఇస్తారు.

ముందు రోజుల్లో చేసుకునే సన్నాహం

ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజు నుంచి ఒక గ్రాము తేడా కూడా చూపే డిజిటల్ త్రాసు మీద రోజూ ఒకే వేళకు బరువు చూసి, పుస్తకంలో రాసుకోవాలి. త్రాసు మీద ఒక గిన్నెనో చిన్న బుట్టనో పెట్టి, దాని బరువు సున్నా చేసి, అందులో గినీ పిగ్‌ను కూర్చోబెడితే కదలకుండా ఉంటుంది. ఆపరేషన్‌లో పెద్ద సిస్టు తీసేస్తే ఆ మేరకు బరువు తగ్గుతుంది కాబట్టి, తీసిన భాగం బరువు ఎంతో చెప్పమని వైద్యుణ్ణి ముందే కోరాలి. లేకపోతే మరునాడు త్రాసు మీద కనిపించే తగ్గుదల సిస్టు పోవడం వల్లనా, తిండి లేకపోవడం వల్లనా అన్నది తెలియక తికమక పడతాం.

రెండవ సన్నాహం సిరంజి అలవాటు. నొప్పితో, భయంతో ఉన్న గినీ పిగ్‌కు మొట్టమొదటిసారి సిరంజి చూపిస్తే అది పళ్ళు బిగిస్తుంది. అదే ముందు వారంలో రోజూ కాస్త నీరో, నానబెట్టి మెత్తగా చేసిన పెల్లెట్ల (గుళికల మేత) గుజ్జో ఒక మి.లీ. సిరంజితో రుచి చూపిస్తూ ఉంటే, ఆపరేషన్ నాటికి సిరంజి దానికి శత్రువు కాకుండా ఉంటుంది. శాకాహార జంతువుల కోసం తయారయ్యే రికవరీ పొడి, అంటే కోలుకునేటప్పుడు నీటిలో కలిపి పెట్టే మేత పొడి, ఒక పొట్లం వైద్యుని ద్వారా ముందే తెప్పించుకోవాలి. దొరకనప్పుడు రోజూ తినే పెల్లెట్లనే పొడి చేసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి వాడుకోవచ్చు.

మనుషుల్లాగే గినీ పిగ్ శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు, గాయం మానడానికి అది అత్యవసరం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మి.గ్రా. చాలు, జబ్బుగా ఉన్నప్పుడు, కోలుకునేటప్పుడు 50 మి.గ్రా. వరకు వైద్యులు పెంచుతారు. తాగే నీటిలో కలిపితే వెలుతురుకు, గాలికి త్వరగా పాడైపోతుంది, పైగా ఎంత తాగిందో తెలియదు. అందుకే నేరుగా నోటికి ఇవ్వడం మంచిది.

తిరిగి వచ్చాక ఉండే చోటు ముందే సిద్ధం చేసుకోవాలి. పొట్టు, రంపపు పొడి, గాయంలో గుచ్చుకునే ముతక గడ్డి పరుపు తీసేసి, లేతరంగు ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) గుడ్డలు గానీ తువ్వాళ్ళు గానీ పరచాలి. లేతరంగు ఎందుకంటే, రక్తపు చుక్క, మూత్రం రంగు దాని మీద వెంటనే తెలుస్తాయి. మెట్లు, వాలు పలకలు, ఎక్కి దూకే అరలు తీసేయాలి. గది ఉష్ణోగ్రత 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగుంటుంది.

ఆపరేషన్ నాడు

ఆ ఉదయం కూడా మామూలుగా మేత పెట్టి, బరువు చూసి, దాని సొంత వాసన ఉన్న గుడ్డతో పెట్టెలో కూర్చోబెట్టి తీసుకువెళ్ళాలి. దానికి బాగా ఇష్టమైన ఆకుకూర, ఎండుగడ్డి ఒక సంచిలో వైద్యశాలలో ఇచ్చి, స్పృహ రాగానే ముందు పెట్టమని చెప్పాలి. జతగా ఉండే గినీ పిగ్ ఉంటే, వైద్యుడు ఒప్పుకుంటే, దాన్ని కూడా వెంట తీసుకువెళ్ళడం రెండింటికీ మంచిది. తోడు పక్కన ఉంటే బెదురు తగ్గుతుంది, తోడు తింటుంటే చూసి ఇది కూడా మూతి కదుపుతుంది.

అండాశయాలు మూత్రపిండాలకు కాస్త వెనుకగా, వీపు వైపు ఉంటాయి. అందువల్ల కొందరు వైద్యులు రెండు డొక్కల మీదా చిన్న కోతలు పెట్టి అండాశయాలను తీస్తారు. ఈ పద్ధతిలో పేగులను కదిలించవలసిన పని తక్కువ, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. గర్భాశయాన్ని కూడా తీయవలసి వచ్చినా, సిస్టు మరీ పెద్దదైనా, పొట్ట మధ్యలో నిలువుగా ఒక కోత పెడతారు. సిస్టు మరీ పెద్దగా ఉంటే ముందు సూదితో ద్రవం లాగి, కుదించి, ఆ తర్వాత బయటకు తీస్తారు.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు తొందరపడకుండా కొన్ని సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. ఏ నొప్పి మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, తర్వాతి మోతాదు ఎప్పుడు, మి.లీ.లలో ఎంత, యాంటీబయాటిక్ ఇస్తే దాని పేరేమిటి, అది తిన్నదా, పెంటికలు వేసిందా, అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఆ కాగితంలో ఉండాలి. యాంటీబయాటిక్ పేరు అడగడం అనుమానం కొద్దీ కాదు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు గినీ పిగ్ పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, విషాన్ని పుట్టించే బాక్టీరియాకు చోటిస్తాయి. దానితో ప్రాణమే పోవచ్చు. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్‌తో కలిపిన సల్ఫా మందు సాధారణంగా వీటికి వాడతారు.

మొదటి రాత్రి, తర్వాతి రోజులు

ఇంటికి రాగానే దానికి కావలసినవి వెచ్చదనం, నిశ్శబ్దం, మేత. గినీ పిగ్ మామూలు ఉష్ణోగ్రత 37.2 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, మత్తు తర్వాత చల్లబడడం సహజం. తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసానో, తక్కువ వేడి మీద ఉంచిన హీటింగ్ ప్యాడ్‌నో బోనులో ఒక సగంలో మాత్రమే పెట్టాలి. వేడి ఎక్కువనిపిస్తే రెండవ సగంలోకి జరగడానికి వీలుండాలి. చెవులు, పాదాలు ముట్టుకుని చూస్తూ ఉండాలి. చల్లగా ఉన్న గినీ పిగ్‌కు సిరంజితో మేత పెట్టే ముందు ఒడిలో వెచ్చగా పెట్టుకుని తేరుకోనివ్వాలి.

వచ్చిన వెంటనే ఎండుగడ్డి, కొత్తిమీర, క్యాప్సికమ్ ముక్క ముందు పెట్టి చూడాలి. తనంతట తాను తింటే అంతకంటే మంచి కబురు లేదు. అయినా ఒక ఆకు కొరికినంత మాత్రాన తింటున్నదని లెక్క వేసుకోకూడదు. ఆకుకూర మెత్తగా, రుచిగా ఉంటుంది కాబట్టి ముందు దాన్నే ముట్టుకుంటుంది. పేగులను నడిపించేది ఎండుగడ్డి. అది గడ్డి నమలడం మొదలుపెట్టి, పెంటికలు మామూలు పరిమాణానికి వచ్చేవరకు సిరంజి మేత మానకూడదు.

సిరంజితో పెట్టవలసిన మేత కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 80 మి.లీ. వరకు ఉంటుంది. 900 గ్రాముల గినీ పిగ్ అసలేమీ తినకపోతే రోజంతా కలిపి 45 నుంచి 70 మి.లీ. దాకా అన్నమాట. దాన్ని అయిదారు విడతలుగా పంచితే ఒక్కో విడతకు పది మి.లీ. అటూ ఇటుగా వస్తుంది. రాత్రిపూట కూడా కనీసం ఒకసారి లేచి పెట్టాలి. తనంతట తాను తినే కొద్దీ ఈ పరిమాణం తగ్గించుకుంటూ రావచ్చు.

పెట్టే తీరు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు వల్ల మేత ఊపిరితిత్తుల్లోకి పోగలదు. ఒక తువ్వాలును ఒడిలో పరచి, గినీ పిగ్‌ను నాలుగు కాళ్ళ మీదే కూర్చోబెట్టి, దాని వెనుక భాగం మన పొట్టకు ఆనేటట్టు పెట్టుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టకూడదు. కుట్లు పొట్ట మీదో డొక్కల మీదో ఉంటాయి గనుక ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి పిరుదుల కింద ఉండాలి, పొట్ట మీద బరువు పడకూడదు. ఎడమ చేతితో గడ్డం కింద మెత్తగా ఆనించి పట్టుకుని, ముందరి పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉండే చోట, అంటే పెదవి పక్క నుంచి, సిరంజి కొసను లోపలికి జరపాలి. అర మి.లీ. వదిలి ఆగాలి. దవడలు కదలడం, గొంతు మింగడం కంటికి కనిపిస్తాయి. అది మింగిన తర్వాతే మళ్ళీ అర మి.లీ. ఇలా నాలుగైదు సార్లు పెట్టేసరికి చాలా గినీ పిగ్‌లు లయలో పడి సిరంజి కొసను నాకడం మొదలుపెడతాయి. తల విదిలించి మేత బయటకు తోసేస్తే బలవంతం చేయకుండా ఒక నిమిషం ఆగి, మూతి తుడిచి, రెండవ వైపు నుంచి ప్రయత్నించాలి. మేత పలచని జావలా కాకుండా, సిరంజిలో నుంచి సులువుగా జారేంత చిక్కగా, గోరువెచ్చగా ఉండాలి. సిరంజి కొస మరీ సన్నగా ఉండి మేత అడ్డుపడితే కొసను కత్తిరించి, అంచు గరుకు లేకుండా చేసుకోవచ్చు. పెట్టడం అయ్యాక గడ్డం కింద బొచ్చును తడి గుడ్డతో తుడవకపోతే అది ఎండి, అట్టకట్టి, చర్మం పుండు పడుతుంది. నీళ్ళు కూడా మధ్య మధ్య ఇవ్వాలి.

ఎంత పెట్టినా బరువు తగ్గుతూ ఉంటే, పెంటికలు చిన్నవిగా, ఎండిపోయి, నీటిబొట్టు ఆకారంలో వస్తూ ఉంటే, నొప్పి తగ్గలేదేమోనని ముందుగా ఆలోచించాలి. ఇలాంటప్పుడు మేత పెంచడం కంటే నొప్పి మందు సంగతి వైద్యునితో మాట్లాడడం ముఖ్యం. సాధారణంగా మెలాక్సికామ్ అనే మందును ఇంటికి ఇస్తారు, మొదటి ఒకటి రెండు రోజులు దానికి తోడు బ్యూప్రెనార్ఫిన్ కూడా ఇస్తారు. మెలాక్సికామ్ మోతాదు కుక్కలకు ఇచ్చే లెక్కతో పోలిస్తే గినీ పిగ్‌లకు ఎక్కువ ఉంటుంది, కాబట్టి సీసా మీద అచ్చువేసిన పట్టిక చూసి మనమే తగ్గించేయకూడదు. మనుషులు వాడే నొప్పి మాత్రలను సొంతంగా ఇవ్వడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. హుషారుగా కనిపిస్తున్నదని నొప్పి మందును ముందే ఆపడం కూడా సరికాదు. వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కావడం వల్ల గినీ పిగ్ నొప్పిని దాచుకుంటుంది. కళ్ళు సగం మూసి ఉండడం, బొచ్చు నిక్కబొడుచుకోవడం, పళ్ళు నూరడం, వీపు గుండ్రంగా వంచి కదలకుండా కూర్చోవడం నొప్పికి గుర్తులు.

బరువు పుస్తకం ఇక్కడ అక్కరకు వస్తుంది. తీసిన సిస్టు బరువు పోగా, ఆపరేషన్‌కు ముందున్న బరువులో 5 శాతం తగ్గితే, అంటే 900 గ్రాముల దానికి 45 గ్రాములు తగ్గితే, సిరంజి మేత పెంచి వైద్యునికి ఫోన్ చేయాలి. 10 శాతం తగ్గేవరకు ఆగకూడదు. పన్నెండు గంటలుగా పెంటిక పడకపోయినా, పొట్ట డప్పులా బిగుసుకున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, శరీరం చల్లబడి పక్కకు ఒరిగిపోతున్నా, గాయం నుంచి రక్తం కారుతున్నా తెల్లవారే వరకు ఎదురుచూడకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. మూత్రం ఆరిన చోట తెల్లటి సుద్దలాంటి మరక మామూలుగా ఉండేదే, దానికి కంగారు పడనక్కరలేదు.

గాయం, తోడు

గాయాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెలుతురులో చూస్తే చాలు. మొదటి రెండు మూడు రోజులు అంచు కొద్దిగా ఉబ్బి, గులాబీరంగులో ఉండడం సహజం. ఆ తర్వాత వాపు పెరుగుతున్నా, ముట్టుకుంటే వేడిగా తగులుతున్నా, చీము కనిపించినా, అంచులు విడిపోతున్నా చూపించాలి. గాయానికి పసుపు, నూనె, మనుషుల మలాము వంటివి రాయకూడదు, స్నానం చేయించకూడదు. చర్మం లోపల కరిగే కుట్లు వేస్తే తీయించే పని ఉండదు, పైన వేసిన కుట్లు ఉంటే 10 నుంచి 14 రోజులకు తీస్తారు. కుట్లు కొరకకుండా మెడకు కాలర్ (గరాటులాంటి అడ్డు) వేయడం వీటికి పెద్దగా సరిపడదు. మెత్తటి పెంటికలను తిరిగి తినడం గినీ పిగ్ జీర్ణక్రియలో భాగం, కాలర్ దాన్ని అడ్డుకుంటుంది, పైగా దిగులుతో తిండి మానేస్తుంది. కుట్లను నిజంగా కొరుకుతూ ఉంటేనే, వైద్యుడు చెప్పిన విధంగా, దాని గురించి ఆలోచించాలి.

తోడు గినీ పిగ్‌ను వారాల తరబడి దూరం పెట్టవద్దని నా గట్టి సలహా. పూర్తిగా తెలివి వచ్చి, స్థిరంగా నడుస్తున్నప్పుడు రెండింటినీ కలపవచ్చు. తోడు గాయాన్ని నాకుతున్నా, మీదికి ఎక్కుతున్నా మధ్యలో జాలీ పలక పెట్టి, ఒకదానికొకటి కనిపించేటట్టు, వాసన తగిలేటట్టు ఉంచితే చాలు. రెండూ ఒకే చోట ఉంటే ఏ పెంటికలు ఎవరివో తెలియవు కాబట్టి మొదటి రెండు రోజులు ఆ పలక మనకు కూడా ఉపయోగపడుతుంది.

రెండు వారాలు దాటిన తర్వాత

సాధారణంగా మొదటి వారం గడిచేసరికి తిండి మామూలుకు వస్తుంది, రెండు వారాలకు చర్మం అతుక్కుంటుంది. అప్పుడు ఒకసారి వైద్యునికి చూపించి, మెట్లు, అరలు తిరిగి పెట్టవచ్చు. హార్మోన్ల వల్ల బొచ్చు రాలినవాటికి డొక్కల మీద సన్నటి నూగు రావడానికి కొన్ని వారాలు, నిండుగా రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. అన్ని నెలలైనా రాకపోతే మరో కారణం వెతకాలి. బరువును మాత్రం ఒక నెల వరకు రెండు మూడు రోజులకొకసారి, ఆ తర్వాత వారానికొకసారి చూస్తూనే ఉండాలి.

తీసిన అండాశయాలను, గర్భాశయాన్ని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించమని ఆపరేషన్‌కు ముందే వైద్యునితో చెప్పి ఉంచడం మంచిది. పైకి మామూలు సిస్టులా కనిపించిన దానిలో కణితి కూడా ఉండవచ్చు, అది తెలిస్తే తర్వాత ఎన్నాళ్ళకొకసారి స్కాన్ చేయించాలో వైద్యుడు చెప్పగలుగుతారు. అండాశయాలు మాత్రమే తీసి గర్భాశయాన్ని ఉంచినట్టయితే, ఆ తర్వాత ఎప్పుడు మూత్రంలో రక్తం కనిపించినా ఆ సంగతిని వైద్యునికి ముందుగా గుర్తుచేయాలి. ఇంట్లో అదే వయసు ఆడ గినీ పిగ్ మరొకటి ఉంటే, దానికి ఏ లక్షణమూ లేకపోయినా, కుట్లు చూపించడానికి వెళ్ళే రోజున దాన్ని కూడా తీసుకువెళ్ళి పొట్ట పరీక్ష చేయించి రావడం మేలు.